చీమ కాదు

స్టీలు ట్రే చప్పుడు
నాకంటే ముందే వార్డులోకి పోతుంది.
మూడేళ్లుగా వింటున్నా, నాకది గిన్నెల చప్పుడే.
పదకొండో మంచం మీది పెంచలయ్యకి మాత్రం
అది నేను వస్తున్న వార్త.

ఏడేళ్లవాడు. తాత పేరు పెట్టారు,
ఆ పేరు వాడికింకా వదులే, ఆస్పత్రి చొక్కాలాగే.
దుప్పటి కింద చేతులు దాచుకుని
కాళ్లు రెండూ బయటికి చాపి పడుకుంటాడు.
కాళ్లకి సూది వెయ్యరని ఎవరో చెప్పారట.
(వేస్తాం. నేను చెప్పలేదు.)

వాళ్లమ్మ దొరసానమ్మ కార్పొరేషన్‌లో వీధులు ఊడుస్తుంది.
నాలుగు తరాల కిందట వ్యాసర్పాడి చేరిన తెలుగు ఆమెది,
సగం మాటలకి అరవం అంచు.
"ఊసి కాదు నాయనా, మందు" అంటుంది.
వాడికి రెండు భాషల్లోనూ తెలుసు
సూది ఏ మాట వెనక దాక్కుంటుందో.

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అన్నాను.
సూళ్లూరుపేటలో నా చిన్నప్పుడు నర్సమ్మ నాతో అన్నదే,
ఆమెతో ఎవరన్నారో.
వాడు నా ముఖంలోకి చూశాడు:
"చీమ చెప్పి కుట్టదు గదక్కా.
చీమ కుట్టేటప్పుడు అమ్మ నా చేతులు పట్టుకోదు."

దూది మీద స్పిరిట్ ఆరిపోయేదాకా
నాకు జవాబు తట్టలేదు.

"ట్రైనొచ్చాక వెయ్" అన్నాడు.
కిటికీ అవతల బీచ్ వైపు పోయే లోకల్ పట్టాలు.
పన్నెండు పెట్టెలు లెక్కపెట్టేలోపు అయిపోవాలి. అదీ ఒప్పందం.
ఆదివారం. పట్టాల పని.
ఎంతకీ బండి లేదు.
ఇంకా తొమ్మిది మంచాలున్నాయి, ఇన్‌చార్జి సిస్టర్
రెండుసార్లు గడియారం కేసి, ఒకసారి నా కేసి చూసింది.
రబ్బరు పట్టీ విప్పి మళ్లీ కట్టాను.
వాడి చెయ్యి చల్లబడిపోయింది,
నరాలు లోపలికి పోయాయి.
భయమేస్తే ముందు పారిపోయేవి అవే.

బండి వచ్చింది.
ఒకటి, రెండు, మూడు, వాడి గొంతు పెద్దదవుతూ.
ఐదో పెట్టె దగ్గర గుచ్చాను.
నెత్తురు రాలేదు.
కొంచెం వెనక్కి. కొంచెం పక్కకి.
పన్నెండూ అయిపోయాయి, బండి పోయింది,
వాడు మాత్రం ఆపలేదు:
పదమూడు, పద్నాలుగు,
లేని పెట్టెల్ని ఒక్కొక్కటే లాగుతూ
పంతొమ్మిది దాకా.

తీసేశాను. చెయ్యి నీలంగా ఉబ్బింది.
దొరసానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.
"అయిపోయిందా?"
ఆ ప్రశ్నకి అబద్ధాలు నా దగ్గర చాలా ఉన్నాయి,
కొన్ని బొమ్మలున్న స్టిక్కర్లతో సహా.
"లేదు. నరం దొరకలేదు. తప్పు నాదే.
ఇంకోసారి గుచ్చాలి. నొప్పి పుడుతుంది."

ఏడ్చాడు. బాగా ఏడ్చాడు.
నన్ను దొంగ అన్నాడు, తర్వాత అరవంలో ఇంకేదో అన్నాడు,
వాళ్లమ్మ తల దించుకుంది.
ఎక్కిళ్ల మధ్య, ధైర్యంగా కాదు, విసుగ్గా,
రెండో చెయ్యి దుప్పట్లోంచి తీశాడు.
గోళ్ల సందుల్లో రంగు పెన్సిళ్ల మైనం.
మణికట్టు పైన పచ్చగా ఒక సన్నని గీత.
"ఈసారి నువ్వు లెక్కపెట్టు."

నాలుగు అనేసరికి గొట్టంలో ఎర్రగా కనిపించింది.
నేను ఆగిపోయాను.
"ఐదు" అన్నాడు కోపంగా.
పన్నెండు దాకా చెప్పించాడు.

ట్రే కింద ఇప్పుడు పాత తువ్వాలు ముక్క వేసుకుంటున్నాను.
చప్పుడు తగ్గింది. పూర్తిగా కాదు.

సాయంత్రం పన్నెండో మంచానికి కొత్త పిల్ల,
ఆవడి నుంచి, నాలుగు రోజుల జ్వరం.
ట్రే చూడగానే గోడకి అతుక్కుపోయింది.
నేను నోరు తెరిచేలోపే
పక్క మంచం మీంచి పెంచలయ్య
పట్టీ వేసిన చెయ్యి ఎత్తి చూపించాడు.
"చీమ కాదు" అన్నాడు.
"సూదే. ఒక్కోసారి రెండుసార్లు.
అక్కకి లెక్కపెట్టడం వచ్చు."